గుంటూరు మిర్చి వేసి ఇంట్లో చేసే బీరు రెసిపీ బ్రూవరీ వాళ్లు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

డాలస్‌లో ఉండే మీ తమ్ముడు గుంటూరు మిర్చితో 20 లీటర్ల రెడ్ ఏల్ (ఎర్రటి రంగు బీరు) చేస్తాడు, అక్కడి బ్రూవరీ దాన్నే 1000 లీటర్లు చేస్తామంటోంది, రెసిపీ ఇవ్వొచ్చా అని కదా మీరడిగింది. ఇవ్వమనండి. కాకపోతే అన్నిటినీ 50తో గుణించి ఇస్తే వచ్చేది వేరే బీరు.

ముందు మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. ఇంటి సామాన్లతో చేస్తే అందులోని చక్కెర 70 శాతం దాకా దిగుతుంది, బ్రూవరీలో 85. ఇంట్లో 5 కిలోలు వేస్తే, గుణించినప్పుడు 250 కిలోలు వస్తుంది; నిజానికి 206 చాలు. మొత్తం 250 వేశారంటే 1.052 ఉండాల్సిన గ్రావిటీ (పులవకముందు మాల్ట్ రసం సాంద్రత) 1.063కి పోతుంది. అందుకే కిలోలు కాదు, గ్రావిటీ, ఒక్కో మాల్ట్ శాతం రాయాలి. రంగు కోసం వేసే రోస్టెడ్ మాల్ట్‌కి మాత్రం లీటరుకి ఇన్ని గ్రాములని రాయాలి. దాని రంగు ఎక్కడైనా దాదాపు పూర్తిగానే దిగుతుంది కాబట్టి, మిగతావాటితో పాటు తగ్గిస్తే ఎరుపు వెలిసిపోతుంది.

హాప్స్‌కి (చేదు, వాసన కోసం వేసే పూలు) ఆల్ఫా యాసిడ్ (చేదునిచ్చే పదార్థం) శాతం, మొత్తం ఐబీయూ (చేదు కొలత) ఇవ్వాలి. ఇంట్లో స్టవ్ ఆపిన కాసేపటికే చల్లార్చేస్తాం. బ్రూవరీలో వర్ల్‌పూల్ (సుడి తిప్పి మడ్డి తేర్చే తొట్టి), ఆపైన హీట్ ఎక్స్ఛేంజర్ (చల్లార్చే యంత్రం) దాటేసరికి గంట దాకా పట్టొచ్చు. అంతసేపూ వోర్ట్ (కాచిన మాల్ట్ రసం) 80 డిగ్రీల పైనే ఉంటుంది గనక వాసన కోసం చివర్లో వేసిన హాప్స్ కూడా చేదు దింపుతాయి. ఈస్ట్ రకం, పులిసే ఉష్ణోగ్రత, నీళ్లలో కాల్షియం, సల్ఫేట్, క్లోరైడ్ ఎంతో రాస్తే చాలు. ఈస్ట్ మోతాదు (మిల్లీలీటరుకి కోటి కణాలకి అటూఇటూగా) వాళ్లే చూసుకుంటారు.

అసలు తంటా మిర్చితోనే. ‘గుంటూరు మిర్చి’ అని రాస్తే సరిపోదు, యార్డులో ఎన్ని రకాలు లేవు! సన్నం వేరు, తేజ వేరు. తేజ కారం ఇంచుమించు రెట్టింపు. రకం పేరు రాయాలి, తొడిమలు, గింజలు తీసిన కాయల బరువు రాయాలి. కారం నీళ్లలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. కాబట్టి మరిగేటప్పుడు కాదు, పులవడం అయ్యాకే వేయాలి. ఇంట్లో వోడ్కాలో నానబెట్టి చుక్కలు పోసుకోవచ్చు గానీ, బ్రూవరీ ట్యాంకులో స్పిరిట్ కలపడం అక్కడి చట్టంతో పేచీ. వాళ్లు కాయల్ని ఆవిరి పట్టి, గుడ్డ సంచిలో దించుతారు. సన్నమైతే లీటరుకి 0.3 గ్రాములతో, అంటే 1000 లీటర్లకి 300 గ్రాములతో మొదలుపెట్టమనండి. పొడి వద్దు, వాల్వుల్లో ఇరుక్కుంటుంది. కాయలు ఎక్కువైతే వాటి నూనెకి నురగ నిలవదు.

పన్నెండు గంటలకోసారి గ్లాసు పట్టి చూడాలి. మొదటి గుక్క నమ్మొద్దు, నాలుగో గుక్క మింగాక గొంతులో ఎంత నిలిచిందో అదీ లెక్క. కారం ఎక్కువైతే సంచి తీసినా తగ్గదు, చప్పటి బీరు కలపడమొక్కటే దారి. అందుకే ఓ 100 లీటర్లు మిర్చి వేయకుండా విడిగా ఉంచుకోవాలి. కాయలు సూట్‌కేసులో పంపకండి. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం) పరీక్ష రిపోర్టుతో అమ్మే సరఫరాదారు దగ్గర బ్రూవరీయే కొనాలి, మొత్తం ఒకే లాటులో.

డబ్బు విషయానికొస్తే, పదార్థాల జాబితాకి కాపీరైట్ ఉండదు. రాయల్టీ ఆశ పెట్టుకోవద్దు. లేబుల్ మీద తమ్ముడి పేరు, కాచే రోజు అతను అక్కడ ఉండటం, మార్పులు చేస్తే ముందే చెప్పడం, మళ్లీ చేస్తే మళ్లీ అడగడం: ఈ నాలుగూ రెసిపీ పంపకముందే ఈమెయిల్‌లో రాయించుకోమనండి. నోటిమాటలు వద్దు.

పండక్కి వచ్చినప్పుడు బ్రాడీపేటలో ఒక బ్యాచ్ చేసి చూపిస్తాడా అన్నారు, అది మాత్రం కుదరదు. అమెరికా ఫెడరల్ చట్టం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా ఒప్పుకుంటుంది, అమ్మకూడదంతే. మన ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా ఒక్క లీటరు కాచినా నేరమే.