ఆర్‌సీ పుస్తకం దొరికిన చోట కథ మొదలైంది

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి బీకాం రెండో ఏడాది. రాత్రిళ్లు కూర్చుని ఫోన్‌లో ఒక కథల యాప్‌కు సీరియల్ రాస్తోంది. మోటార్‌సైకిల్ క్లబ్బులో తిరిగే అబ్బాయితో ప్రేమ, ఇంట్లోవాళ్లు దాచిన రహస్యం, ఇదీ కథ. అందులో బండి ప్రమాదంలో చనిపోయిన బాబాయి మా మరిదే. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం. ఇప్పుడు డిగ్రీ మానేసి రచయిత్రినవుతానంటోంది. మూడు భాగాలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మూడు భాగాలూ రెండేసిసార్లు చదివానమ్మా. మీ అమ్మాయికి రాయడం వచ్చు. బీరువాలో చీరల కింద ఆర్‌సీ పుస్తకం దొరికి, దాని మీద బాబాయి పేరు చూసే చోట నేను కాసేపు చదవడం ఆపేశాను. ఆ పేజీ మీ ఇంట్లోంచి వచ్చింది. క్లబ్బు, తోలు జాకెట్లు, అర్ధరాత్రి ఔటర్ మీద పందేలు మాత్రం ఎక్కడో చదివి తెచ్చుకున్నవి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూ వీలర్లను రానివ్వరని ఊళ్లో ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు.

తప్పులు పట్టడానికి కాదు ఇది. నిజం తెలిస్తే కథే బలపడుతుంది. ఆ బాబాయి బండి ఇరవై ఏళ్లుగా ఆయన పేరు మీదే తిరుగుతోందని రాసింది. బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు తీరిపోతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. యజమాని పోతే మూడు నెలల్లో వారసుల పేరుకు మార్పించుకోవాలి. మరి పోయిన మనిషి పేరుతో ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టిందెవరు? రహస్యమంతా ఆ సంతకంలోనే ఉందని ఆమెకు చెప్పండి.

క్లబ్బు గురించి కూడా ఒక మాట. ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వైపు వెళ్లే బృందాల్లో చాలామంది వారమంతా ఆఫీసుకు పోయేవాళ్లే. ముందు నడిచేవాణ్ణి లీడ్ అంటారు, అందరికన్నా చివర వచ్చేవాణ్ణి స్వీప్. దారిలో ఎవరి బండి ఆగినా ఆగి తోడు నిలిచేది స్వీపే. నాకైతే ఆ అబ్బాయి లీడ్ కన్నా స్వీప్ అయితేనే ప్రేమ నమ్మబుద్ధేస్తుంది. ఒక ఆదివారం మీవారే అమ్మాయిని తీసుకెళ్లి, వాళ్లు టీకి ఆగే చోట నాలుగు మాటలు మాట్లాడించగలిగితే ఎంతో మేలు.

డిగ్రీ మాత్రం మాననివ్వకండి. యాప్‌లో వచ్చే డబ్బు ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. డిగ్రీ చేతికొస్తే పీజీ ప్రవేశ పరీక్ష సీపీజెట్ రాసి ఉస్మానియాలో జర్నలిజమో తెలుగో చదవచ్చు, కేంద్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లొచ్చు. టీవీ సీరియళ్లు, డబ్బింగ్, ఆడియో కథలు, సబ్‌టైటిళ్లు, తెలుగులో చకచకా రాసేవాళ్లకు ఈ ఊళ్లోనే పని ఉంది. అసిస్టెంట్ రైటర్‌గా మొదలుపెట్టాలి, మొదట్లో జీతం తక్కువే. రోజుకో గంట రాసుకోనివ్వండి, పరీక్షల నెలలో ఆపమనండి. ఎవరైనా కథ హక్కులు అడిగితే, కాగితం లాయరుకు చూపించకుండా సంతకం పెట్టనివ్వకండి. రాసినవారి హక్కు వారి తర్వాత కూడా 60 ఏళ్లు నిలుస్తుంది. తొందరపడి ఇచ్చేస్తే తిరిగి తెచ్చుకోవడం కష్టం.

మీ అసలు బాధ చదువు గురించి కాదని మీ ఉత్తరంలోనే తెలిసింది. బాబాయి పేరు, ప్రమాదం జరిగిన చోటు, ఊరు మార్చి రాయమని అడగండి, అది మీ హక్కు. కథ ఆపమనకండి. ఎవరూ చెప్పకపోవడం వల్లే ఆ పిల్ల ఊహించి రాసుకుంటోంది. నాలుగో భాగం రాసేలోపు మీరూ మీవారూ కలిసి ఆమెను కూర్చోబెట్టుకుని, మీ మరిది ఫొటో బయటికి తీసి, ఆ రోజు ఏం జరిగిందో మీ నోటితో చెప్పండి.