బంతి మీద చామంతి

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో తెమరి గురించి నాలుగు వాక్యాలు రాశాను. జపాన్‌లో దారంతో చుట్టి, పైన సూదితో పువ్వులు, చుక్కలు కుట్టే బంతి అది. 'తె' అంటే చెయ్యి, 'మరి' అంటే బంతి. చీర అంచుల కుట్టు మీద రెండు పేజీలు రాసినప్పుడు రాని ఉత్తరాలు ఆ నాలుగు వాక్యాలకు వచ్చాయి. కాబట్టి ఈసారి శీర్షికంతా బంతులదే.

ప్రశ్న: మేము నలుగురం ఎండాకాలమంతా కూర్చుని 36 తెమరి బంతులు చేశాం. దసరా బొమ్మల కొలువుల వేళకు మా కాలనీ హాలులో అమ్మి, వైద్యం కోసం జిల్లాల నుంచి వచ్చే క్యాన్సర్ పిల్లలు, వారి తల్లిదండ్రులు ఉండే ఒక వసతి గృహానికి ఆ డబ్బు ఇవ్వాలని అనుకున్నాం. బంతికి 70 రూపాయల ఖర్చు, ఎనిమిది తొమ్మిది గంటల పని. వంద దాటితే ఎవరూ కొనరని మా ఆడపడుచు అంటోంది. 'సేవ కోసమే కదా, ఎవరు ఎంతిస్తే అంత తీసుకోండి' అని మావారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: ఇద్దరి మాటా వద్దమ్మా. మీవారి సలహా నేను ఒకసారి పాటించి చూశాను. మూడేళ్ల కిందట పద్మారావునగర్‌లో మా అపార్టుమెంటు మెట్ల దగ్గర బల్ల వేసి, 22 బంతులు పరిచి, పక్కన స్టీలు డబ్బా పెట్టి, 'మీకు తోచినంత' అని అట్ట ముక్క మీద రాశాను. సాయంత్రానికి బంతులన్నీ పోయాయి. పొంగిపోయాను. డబ్బా బోర్లించి లెక్కపెడితే 1,340 రూపాయలు, చిరిగి అతికించిన పది నోటు దీనిలోనే కలిపి. బంతికి 65 చొప్పున నా దారం ఖర్చే 1,430. అంటే సేవ చేసి 90 రూపాయలు ఎదురు పెట్టుకున్నాను. ఎవరినీ తప్పు పట్టను. 'మీకు తోచినంత' అన్న మాట చదివాక మనిషి చెయ్యి చిల్లర ఉన్న జేబులోకే వెళుతుంది. బంతి వైపు చూడటం మానేసి పక్కవాళ్లు ఎంత వేశారా అని చూస్తారు.

మరుసటి ఏడు బంతులు 15 మాత్రమే. ఒక్కొక్కటి 400. తలా ఒక చిన్న కార్డు కట్టాను. దసరాకు 11 పోయాయి, మిగిలిన నాలుగు సంక్రాంతికి. బేరమాడినవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరూ చివరికి కొన్నారు.

మీరూ 400 పెట్టండి. కార్డు మీద ఇలా రాయండి: 'ధర 400. ఇందులో దారానికి, ఊలుకు 70. మిగతా 330 ఫలానా వసతి గృహానికి.' దారం డబ్బు వెనక్కు తీసుకోవడానికి మీలో ఎవరో ఒకరు తప్పక మొహమాటపడతారు. పడనివ్వకండి. 36 బంతులకు 2,520 రూపాయలు నలుగురి సంచుల్లోంచి పోతే, వచ్చే ఏడు దారం కొనేటప్పుడు ఒకరికి మోకాళ్ల నొప్పి వస్తుంది, ఇంకొకరికి మనవడి పరీక్షలు వస్తాయి. మీ తొమ్మిది గంటలూ ఉచితంగానే ఇస్తున్నారు, అది చాలు.

అయితే 36 బంతులూ అమ్మకండి. నాకు ఈ పని నేర్పినావిడ జపాన్ నుంచి వచ్చి రెండేళ్లు మా పక్క ఫ్లాటులో ఉన్నారు. ఆవిడకు తెలుగు రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రం. నా మొదటి బంతిని, ఎర్ర చామంతి కుట్టి నేను ఎంతో మురిసిపోయిన బంతిని, ఆవిడ చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూసి, నేల మీద గచ్చు పలకల గీత వెంబడి నెమ్మదిగా దొర్లించారు. నాలుగు పలకలు తిన్నగా వెళ్లి, అయిదో పలక దగ్గర ఎడమకు తిరిగి, కుర్చీ కాలికి తగిలి ఆగింది. ఆవిడ లేచి దాన్ని తెచ్చి, దారం కొస వెతికి పట్టుకుని, ఆ కొసను నా వేళ్ల మధ్య పెట్టారు. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి రెండు గంటలు కూర్చుని విప్పాను.

మీ 36 బంతులనూ అలాగే దొర్లించండి. పక్కకు తిరిగినవి మనవరాళ్లకు ఇచ్చేయండి. క్యాన్సర్ పిల్లల పేరు చెప్పి వంకర బంతి అమ్మితే కొన్నవాళ్లు ఏమీ అనరు, జాలిపడి తీసుకుంటారు. అలా తీసుకున్నది అల్మారాలో పడుతుంది. గుండ్రంగా ఉన్నది కొలువులో పై మెట్టు ఎక్కుతుంది, చూసినవాళ్లు ఎక్కడిదని అడుగుతారు, వచ్చే ఏడు మీ బల్ల దగ్గరకు వస్తారు.

ఇంకా రెండు విషయాలు. కార్డు మీద వసతి గృహం పేరు వేసే ముందు వారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కొన్నవాళ్లలో ఒక్కరైనా ఆదాయపు పన్ను మినహాయింపు కోసం, 80జీ అని పిలుచుకునే రసీదు అడుగుతారు. వస్తువు కొనడం విరాళం కాదు కాబట్టి వారికి ఆ రసీదు రాదని ముందే చెప్పండి. వసూలైన డబ్బు మీరు సంస్థకు ఇచ్చినప్పుడు, దానికి 80జీ నమోదు ఉంటే, ఇచ్చినవారి పేరు మీద రసీదు వస్తుంది. బ్యాంకు ద్వారానే పంపండి, నగదుగా 2,000 దాటి ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు. రసీదు నకలు కాలనీ హాలు నోటీసు బోర్డుకు గుచ్చండి. డబ్బు ఎటు పోయిందని మీ వెనకాల ఒక ప్రశ్న పుట్టకముందే జవాబు అక్కడ వేలాడుతుంది.

ప్రశ్న: లోపల ఊక పోయడం అసలు పద్ధతి అని చదివి అలాగే చేశాను. నెల తిరగకుండా బంతిలోంచి ముక్కపురుగులు బయటకు వచ్చాయి. తెల్లదారం మీద నల్లగా నడుస్తుంటే అమ్మాయి బంతిని కిటికీలోంచి విసిరేసింది. థర్మోకోల్ వాడటం తప్పా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మాయిని ఏమీ అనకండి, నేనైనా విసిరేదాన్నే. పురుగు ఊకను చూసి రాలేదు, ఊకలో మిగిలిన నూకల కోసం వచ్చింది. మా చెల్లెలు మిర్యాలగూడ మిల్లు నుంచి గోనెసంచిలో తెచ్చిన ఊకతో నాకూ ఇదే జరిగింది, అదీ శ్రావణమాసంలో, ముసురులో. అప్పటి నుంచి చెరిగి, జల్లించి, రెండు రోజులు ఎండబెట్టి, ఇనుప మూకుడులో సన్న సెగ మీద చేతికి చురుక్కుమనేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక మాత్రమే వాడుతున్నాను. పాత బనియను గుడ్డలో మూటగట్టి, ఊలు చుట్టి, దాని మీద టైలర్లు ఓవర్‌లాక్‌కు వాడే సన్నదారం చుట్టాలి. చుట్టేటప్పుడు బంతి ప్రతి చుట్టుకూ కాస్త తిరుగుతూ ఉండాలి. ఒకే వైపు చుడితే గుమ్మడికాయ అవుతుంది. అడుగున ఊలు రంగు ఎక్కడా కనబడనంత దట్టంగా రావాలి, ఎందుకంటే తర్వాత సూది పట్టు దొరికేది ఆ సన్నదారంలోనే.

థర్మోకోల్ తప్పేమీ కాదు, గుండ్రతనం రెడీమేడ్‌గా వస్తుంది. నాకు మాత్రం సూది దిగినప్పుడల్లా అది చేసే కీచు చప్పుడు పళ్లు జివ్వుమనిపిస్తుంది. ఊక బంతిని అరచేతితో నొక్కి సరిచేసుకోవచ్చు. థర్మోకోల్ మన మాట వినదు.

ప్రశ్న: పన్నెండు పువ్వుల బంతి మూడుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ కొన్ని పువ్వులు ఇరుకు, కొన్ని వదులు. ఇంజనీరింగ్ చదువుతున్నాను, అయినా లెక్క కుదరడం లేదు. నవ్వకండి.
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఎందుకు నవ్వుతాను? ముప్పయ్యొక్క ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరును, నా మొదటి పన్నెండు పువ్వుల బంతికి పదకొండు పువ్వులే పట్టాయి.

టేపు పక్కన పెట్టి, సన్నని కాగితపు పట్టీ కత్తిరించుకో. బంతి మీద ఒకచోట గుండుసూది గుచ్చు, అది ఉత్తర ధ్రువం. పట్టీని దాని దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిప్పి మళ్లీ అక్కడికే తెచ్చి, సరిగ్గా కలిసినచోట కత్తిరించు. సగానికి మడిస్తే దక్షిణ ధ్రువం ఎక్కడో తెలుస్తుంది, మళ్లీ సగానికి మడిస్తే భూమధ్యరేఖ. నీ బంతి చుట్టుకొలత 24 సెంటీమీటర్లు అనుకుందాం. భూమధ్యరేఖ మీద 2.4 సెంటీమీటర్లకు ఒక సూది చొప్పున పది గుచ్చి, ధ్రువం నుంచి ధ్రువానికి వాటి మీదుగా పది గీతలు జరీ దారంతో వెయ్యి.

ఇప్పుడు అసలు కిటుకు. చుట్టుకొలతలో ఆరో వంతు, దానికి చుట్టుకొలతలో నూరో వంతు కలుపు. 4, ఇంకా 0.24, మొత్తం 4.24. ఉత్తర ధ్రువం నుంచి ఒక గీత విడిచి ఒక గీత మీద అంత దూరంలో అయిదు సూదులు. విడిచిపెట్టిన అయిదు గీతల మీద దక్షిణ ధ్రువం నుంచి అంతే దూరంలో అయిదు సూదులు. ధ్రువాలు రెండూ కలిపితే పన్నెండు, ఒక్కో పువ్వుకు ఒక్కో నడిబిందువు. పక్కపక్కనున్న ఏ రెండు సూదుల మధ్య కొలిచినా అదే 4.24 రావాలి. పాత ఫుట్‌బాల్ మీద నల్లని అయిదు మూలల ముక్కలు పన్నెండు ఉంటాయి చూడు, ఆ ముక్కల నడిబిందువులు ఇవే.

నువ్వు ఇంజనీరింగ్ కాబట్టి చెబుతున్నాను: ఇరవై ముఖాల ఘనరూపంలో పక్కపక్క శీర్షాలు కేంద్రం దగ్గర చేసే కోణం సుమారు 63.43 డిగ్రీలు. 360 డిగ్రీలకు 24 సెంటీమీటర్లైతే ఆ కోణానికి 4.23. ఆరో వంతు, నూరో వంతు కలిపితే వచ్చేది 4.24. సూది మందం పాటి తేడా కూడా లేదు. కాగితపు పట్టీ మీద వేసుకునే ఆ వంటింటి లెక్క చూసిన రోజు నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

ఇంత చేసినా దూరాలు సమానంగా రాకపోతే లెక్క తప్పు కాదు, బంతి గుండ్రంగా లేదు. పైన నల్లకుంట ఆవిడకు ఇచ్చిన జవాబు చదువు.

ప్రశ్న: జపాన్ వాళ్ల కళను మనం చేసి అమ్మడం సబబేనా? 'హైదరాబాద్ పూల బంతులు' అని పేరు పెట్టుకుంటే మేలు కదా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: పేరు మార్చకండి. కార్డు మీద 'జపాన్ తెమరి పద్ధతిలో హైదరాబాద్‌లో కుట్టినది' అని రాస్తే అందరికీ గౌరవం. అక్కడ కూడా దీనికి ఊరూరా ఒక తీరు ఉంది. అకితా ప్రాంతంలోని హొంజో బంతులకు మూడు పక్కల కుచ్చులు వేలాడతాయి. కగావాలో ఊక మీద, ఆకులతో, చెక్కలతో రంగు అద్దిన నూలుదారంతో కుడతారు. మత్సుమొతో ఊళ్లో అయితే వీధి మ్యాన్‌హోల్ మూతల మీద కూడా తెమరి బొమ్మే. కోటల్లోని ఆడవాళ్లు పట్టుదారంతో చేసినవీ ఉన్నాయి, పాత కిమోనో పీలికలు చుట్టి అమ్మలు పిల్లలకు ఆడుకోవడానికి చేసిచ్చినవీ ఉన్నాయి. రబ్బరు బంతి వచ్చాక పిల్లలు అటు వెళ్లిపోయారు, ఇది అలంకారంగా మిగిలింది. మన దగ్గర గుడ్డపీలికల బంతికి ఆ అదృష్టమూ పట్టలేదు.

ఇక వాళ్లు ఎక్కువగా కుట్టే పువ్వు పేరు 'కికు'. అంటే చామంతి. పదహారు రేకుల చామంతి వారి చక్రవర్తి కుటుంబ చిహ్నం. బంతిని పదహారు భాగాలు చేసి, ధ్రువం దగ్గర కుచించుకుంటూ, భూమధ్యరేఖ వైపు విచ్చుకుంటూ సూదిని వంకర టింకరగా నడిపితే రేకులు ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి. పసుపు, ముదురు పసుపు, కాస్త కాషాయం, ఈ వరసలో దారాలు మార్చి చూడండి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో తెల్లవారుజామున గంపలు దించేటప్పుడు కనిపించే చామంతి అదే. అది పరాయి పువ్వని ఎవరైనా అంటే ఆ గంప చూపించండి.

ప్రశ్న: బంతి లోపల చప్పుడు చేసేది ఏదైనా పెడతారట కదా? మునిమనవరాలికి చేస్తున్నాను. మా ఇంట్లో పూసల డబ్బాలో గురివింద గింజలు ఉన్నాయి.
– ఒక పెద్దావిడ, కాచిగూడ

జవాబు: గురివింద మాత్రం వద్దు పెద్దమ్మా. చూడ్డానికి ముచ్చటైనా అది విషం. కుట్టు ఊడిపోయి గింజ పగిలి పాప నోట్లో పడితే ప్రాణాల మీదికి వస్తుంది. చిన్న మువ్వ మంచిది. మువ్వ లేకపోతే పిడికిట్లో ఇమిడే ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, కడిగి ఆరబెట్టిన చింతగింజలు అందులో వేసి, మూత చుట్టూ టేపు గట్టిగా అంటించి, ఊక మధ్యలో పెట్టి మూటకట్టండి. గింజలు అయిదు చాలు. పది వేస్తే కదలడానికి చోటు లేక చప్పుడు రాదు.