పని ఎవరిదో పేరు రాయండి, తోడు ఎవరో కూడా రాయండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఏడుగురి సాఫ్ట్‌వేర్ టీమ్, అందరం ఇంటి నుంచే పని. నేను కరీంనగర్, ఇద్దరు విజయవాడ, ముగ్గురు హైదరాబాద్, మా లీడ్ న్యూజెర్సీలో ఉంటారు. పోయిన నెల రిలీజ్‌కి ముందు డేటాబేస్ బ్యాకప్ తీయాల్సింది, టీమ్‌లో ఒకతను తీశాడని నేను, నేను తీశానని అతను అనుకుని ఎవరం తీయలేదు, తెల్లారేదాకా కూర్చుని డేటా సరిచేశాం. ఇంకోసారి ఒకే బగ్‌ని ఇద్దరు ఫిక్స్ చేశారు. లీడ్‌ని అడిగితే మనమంతా ఓనర్లమే కదా అంటారు. ఇది కాక ఒకమ్మాయి ఈమధ్యే మెటర్నిటీ లీవ్ నుంచి వచ్చింది, తనకి సాయం చేస్తూ చేస్తూ తన పని సగం నా మీదికే వచ్చేసింది. కాదనలేను, మోయలేను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ లీడ్ మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు, కానీ పదిమందిలో పాము చావదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆఫీసులో అయితే కుర్చీ వెనక్కి తిప్పి బ్యాకప్ తీశావా అని అడిగితే అయిపోయేది. ఇప్పుడు మీకు కనపడేది చాట్‌లో పేరు పక్కన పచ్చ చుక్క ఒక్కటే, అది మనిషి ఉన్నాడని చెప్తుంది గానీ ఏం చేస్తున్నాడో చెప్పదు కదా. అందుకే నోటితో అడిగేవన్నీ రాసి పెట్టుకోవాలి.

ఆపిల్‌లో ఎప్పట్నుంచో ఒక పద్ధతి ఉంది, డీఆర్ఐ (డైరెక్ట్లీ రెస్పాన్సిబుల్ ఇండివిడ్యువల్) అంటారు, ప్రతి పనికీ దాని బాధ్యత ఎవరిదో ఒక్కరి పేరు ఉంటుంది. ఆఫీసే లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ కంపెనీ గిట్‌ల్యాబ్ కూడా ఇదే వాడుతుంది. పేరు ఉందంటే పనంతా ఆ ఒక్కరే చేయాలని కాదు, అయ్యేదాకా వెంటపడి చూసుకోవాల్సింది వాళ్లని అర్థం. రేసీ అని నాలుగు రకాల బాధ్యతలు రాసే చార్ట్ ఒకటుంది, మీకు ఎవరైనా అదే చెప్పొచ్చు, ఏడుగురికి అంత అక్కర్లేదని నా అభిప్రాయం. పని ఎవరిది, తోడు ఎవరు, ఎప్పటికల్లా, అయిందనడానికి గుర్తేంటి, ఇవి ఒక షీట్‌లో రాసుకుంటే చాలు.

మీ బ్యాకప్ సంగతే చూడండి. షీట్‌లో ఇలా ఉండాల్సింది: డేటాబేస్ బ్యాకప్, బాధ్యత అతను, తోడు మీరు, సాయంత్రం 5 కల్లా, గుర్తు ఏంటంటే ఫైల్ పేరూ సైజూ గ్రూప్‌లో పెట్టడం, టెస్ట్ సర్వర్‌లో ఒకసారి రిస్టోర్ చేసి చూడటం. 5:10కి గ్రూప్‌లో ఏం రాకపోతే ఫోన్ చేయాల్సింది మీరు. తోడు అంటే ఇదే, ఊరికే మంచితనం కాదు, అది కూడా ఒక పనే. గూగుల్‌లో సైట్లు పడిపోకుండా చూసే ఎస్ఆర్ఈ టీముల్లో ఆన్‌కాల్ డ్యూటీకి, అంటే ఏదైనా ఆగితే వెంటనే కాల్ అందుకోవాల్సిన వంతుకి, ప్రైమరీ ఒకరు, సెకండరీ ఒకరు ఉండటం మామూలే, మొదటివాళ్లు అందకపోతే కాల్ రెండోవాళ్లకి పోతుంది. మీరు కూడా వారం వారం మార్చుకోండి. బగ్ విషయానికొస్తే కోడ్ తెరిచే ముందే టికెట్ (ఆ బగ్ నమోదైన ఎంట్రీ) మీ పేరు మీదికి మార్చుకోవాలి, చాట్‌లో చూస్తున్నా అని పెడితే పది మెసేజ్‌ల కింద కొట్టుకుపోతుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. 2017లో మెటర్నిటీ చట్టం మార్చినప్పుడు మొదటి ఇద్దరు పిల్లలకి లీవ్ 26 వారాలు చేశారు, ఆ లీవ్ తర్వాత కూడా పనిని బట్టి, కంపెనీ తనూ కలిసి ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి చేసే వీలు పెట్టారు. అంటే తను ఇప్పుడు ఎంత పని చేయగలదన్నది తనూ మేనేజరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, మీరు చప్పుడు చేయకుండా మోస్తుంటే ఆ మాట ఎప్పటికీ బయటికి రాదు, పైనుంచి చూసేవాళ్లకి అంతా బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది. ముందు తనకే ఫోన్ చేసి విడిగా మాట్లాడండి, గ్రూప్‌లో మాత్రం వద్దు. తను సరే అన్నాక లీడ్‌కి ఇలా రాయండి: ఈ రెండు వారాలు రిపోర్ట్స్ టెస్టింగ్ నేను చూస్తా, 16వ తేదీ నుంచి మళ్లీ తనది, ఈలోపు నా డాష్‌బోర్డ్ పని ఆగుతుంది. ఆ చివరి ముక్క రాయడానికి మొహమాటపడతారని తెలుసు, రాయండి. ఇంకోటి, తనని ఎప్పుడూ సాయం అందుకునే మనిషిగానే ఉంచొద్దండీ, మీ పనుల్లో ఒకదానికి తోడుగా తన పేరు పెట్టండి, తనకీ టీమ్‌లో తన చోటు తనకి ఉన్నట్టుంటుంది.

లీడ్‌తో మాట్లాడే టైమ్ కూడా ఫిక్స్ చేసుకోండి. అక్కడ పొద్దున 9 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30, నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం మార్చాక 7:30. ఆ గంట ఎవరు సర్దుకోవాలో అక్టోబర్‌లోనే అడిగేయండి.

ఆయన దగ్గరికి ఫిర్యాదులా వెళ్లకండి. వచ్చే రిలీజ్ ఒక్కదానికే షీట్ చేసి, మీకు తెలిసిన పేర్లు నింపి, తెలియనివి ఖాళీగా వదిలి పంపండి. ఆయన ఏం అనకపోతే కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి ఒక్కో ఖాళీ దగ్గర ఆగి, ఇక్కడ ఎవరి పేరు రాయమంటారు అని అడగండి.