థాంక్స్‌గివింగ్ విందు: షుగర్ ఉన్న నాన్నగారికి వైన్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఈసారి థాంక్స్‌గివింగ్‌కి (నవంబరులో ఇక్కడివాళ్లు చేసుకునే పండగ) మా ఇంట్లోనే టర్కీ కోడి చేస్తున్నాం, మన మసాలాలే పట్టించి. స్నేహితులు పదిమంది దాకా వస్తారు. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు. నాన్నకి 67 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్ వాడతారు. పండక్కీ పబ్బానికీ రెండు పెగ్గులు వేసుకుంటారు. రెడ్ వైన్ గుండెకి మంచిదని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నా భార్యకి ఐదో నెల. ఏ వైన్ కొనమంటారు, తాగనివాళ్లకి ఏం పెట్టాలి?

జవాబు: ముందు ఆ గుండె సంగతి తేల్చేద్దాం. కొద్దిగా తాగేవాళ్లకి గుండెజబ్బులు తక్కువని పాత అధ్యయనాల్లో కనిపించిన మాట నిజమే, కానీ ఆ 'తాగనివాళ్ల' లెక్కలో జబ్బు చేసి మానేసినవాళ్లు కూడా కలిసిపోవడంతో తాగేవాళ్లే ఆరోగ్యంగా ఉన్నట్టు తేలింది. ఆరోగ్యానికి ఫలానా మోతాదు వరకు ఫర్వాలేదని చెప్పడానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. కాబట్టి మందులా అనుకుని మీ నాన్నగారికి ఎవరూ వైన్ పోయొద్దు.

నాకు అసలు టెన్షన్ వైన్ గురించి కాదు, గ్లిమిపిరైడ్ గురించి. ఆ మాత్ర వేసుకున్నాక తిండి తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది. మామూలుగా తిండి ఆలస్యమైతే లివర్ తన దగ్గరున్న గ్లూకోజ్ వదిలి కాపాడుతుంది, కానీ ఆల్కహాల్ పడితే లివర్ దాన్ని వదిలించుకునే పనిలో పడి కొత్తగా గ్లూకోజ్ తయారు చేయడం తగ్గించేస్తుంది. ఇప్పుడు మీ ఇంట్లో ఆ రోజు జరగబోయేది ఊహించండి. సాయంత్రం బాగా తినాలని మధ్యాహ్నం అందరూ భోజనం మానేస్తారు, నాలుగింటికి అన్న టర్కీ లోపల ఉడకలేదని ఆరింటికి గానీ బయటికి రాదు (లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి, తొందరపడి తీయొద్దు), ఈలోపు పెద్దాయన చేతిలో పరగడుపునే ఒక గ్లాసు. లో షుగర్ వచ్చేది సరిగ్గా అక్కడే.

పైగా దాన్ని గుర్తుపట్టడం కష్టం. ఒళ్లంతా చెమటలు, చేతులు వణకడం, మాట తడబడటం, అయోమయంగా చూడటం, ఇవన్నీ చూసి 'నాన్నకి ఎక్కువైంది' అని పడుకోబెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే అరకప్పు జ్యూస్ గానీ మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి గానీ ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. 'పంప్‌కిన్ పై' (గుమ్మడికాయతో చేసే తీపి వంటకం) తీపే కదా అని పెడితే లాభం లేదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 911కి ఫోన్ చేయండి.

అందుకని ఆ రోజు పొద్దున టిఫిన్, మధ్యాహ్నం కొంచెమైనా అన్నమో రొట్టో తప్పనిసరిగా పెట్టండి. భోజనం వేళ మారుతోంది కాబట్టి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆయన డాక్టర్‌ని ముందే ఫోన్‌లో అడగండి, సొంతంగా మానేయొద్దు. షుగర్, బీపీ అదుపులో ఉండి, లివర్, కిడ్నీలు బాగుంటే ఒక్క గ్లాసు, అదీ పళ్లెం ముందుకొచ్చాకే. ఒక గ్లాసంటే 150 మి.లీ., అందులో సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఇప్పటి పెద్ద వైన్ గ్లాసుల్లో సగం పోసినా అంతకు మించిపోతుంది. ఒకసారి 150 మి.లీ. నీళ్లు కొలిచి మీ గ్లాసులో పోసి ఎక్కడిదాకా వస్తుందో ఆయనకే చూపించండి. మన లార్జ్ పెగ్గు, అంటే 60 మి.లీ. విస్కీలో, సుమారు 20 గ్రాములుంటుంది కాబట్టి ఆ రెండు పెగ్గుల అలవాటు ఆ రోజుకి పక్కన పెట్టాల్సిందే.

ఏ వైన్ అంటారా, మసాలా టర్కీకి కాబర్నే లాంటి ఘాటైన రెడ్ వైన్లు నప్పవు, వగరుకి నోరు పిడచకట్టుకుపోతుంది, కారం ఇంకా మండుతుంది. పినో నువార్ అనే రెడ్ వైన్ తేలిగ్గా ఉంటుంది, నాన్నగారికి అదే పోయండి. అతిథులకి కొంచెం తీపిగా ఉండే రీస్లింగ్ అనే వైట్ వైన్ పెడితే కారానికి బాగా కలుస్తుంది, చాలా సీసాల్లో ఆల్కహాల్ కూడా తక్కువే. కాకపోతే ఆ తీపి నాన్నగారికి వద్దు. పోర్ట్ అనే వైన్‌లో తీపీ ఎక్కువ, ఆల్కహాల్ 20 శాతం దాకా, అసలు కొనకండి. నిద్రమాత్రలు గానీ, విరేచనాలకీ పంటి నొప్పికీ ఇచ్చే మెట్రోనిడజోల్ గానీ వాడుతున్నవాళ్లుంటే చుక్క కూడా ముట్టకూడదు.

మీ భార్యకి మాత్రం ఒక్క గుక్క కూడా వద్దు, ఐదో నెల కదా ఫర్వాలేదని ఎవరన్నా వినకండి. గర్భంలో ఇంత వరకు సురక్షితం అనే మోతాదు లేదు. ఇక్కడో చిక్కుంది: అమెరికాలో యాపిల్ సైడర్ అంటే మామూలు రసమే, కానీ 'హార్డ్ సైడర్' అని రాసుంటే ఆల్కహాల్ ఉన్నట్టు, లేబుల్ చదవకుండా అమ్మకో ఆమెకో ఇచ్చేయొద్దు. ఆమెకిచ్చే సైడర్ పాశ్చరైజ్ చేసిందై (క్రిములు చచ్చేలా వేడి చేసిందై) ఉండాలి. ఇంట్లో పాలు, పచ్చిగుడ్లతో చేసే ఎగ్‌నాగ్ అనే పానీయం కూడా ఆమెకి పనికిరాదు, పైగా అందులో రమ్మో బర్బనో కలుపుతుంటారు.

తాగనివాళ్లకి కోలా సీసాలు పడేసి ఊరుకోకండి, 355 మి.లీ. క్యాన్‌లో 39 గ్రాముల చక్కెర ఉంటుంది, సైడరూ దానికేం తీసిపోదు. సోడాలో నిమ్మరసం, పుదీనా, చితక్కొట్టిన నాలుగు క్రాన్‌బెర్రీలు వేసి అదే వైన్ గ్లాసుల్లో ఇవ్వండి. అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ ఆ బరువైన భోజనం తర్వాత హాయిగా ఉంటుంది, ఉప్పు మాత్రం తగ్గించండి, టర్కీలోనూ గ్రేవీలోనూ ఇప్పటికే బీపీకి సరిపడా ఉంది.

నాన్నగారు వైన్ తాగితే పడుకునే ముందు తప్పకుండా షుగర్ చూడండి. ఆల్కహాల్ ప్రభావం మర్నాటిదాకా ఉండొచ్చు. 100 కంటే తక్కువుంటే రెండు బిస్కెట్లో ఒక రొట్టెముక్కో తినిపించి పడుకోబెట్టండి, తెల్లవారాక టిఫిన్‌కి ముందు మరోసారి చూడండి.