ఎడమచేతిని నిద్రపోనివ్వకు

నరసాపురం

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పియానో క్లాసు మానేస్తానంటున్నావని మీ నాన్న భీమవరం నుంచి ఫోన్ చేశాడు. కుడిచెయ్యి బాగానే ఆడుతోంది, రెండు చేతులూ కలిపేసరికి అంతా కలగాపులగం అయిపోతోంది అన్నావట. నవ్వొచ్చింది. నా కథా అదేనమ్మా. పదేళ్లు హార్మోనియం వాయించాక పియానో ముందు కూర్చున్నవాణ్ణి. హార్మోనియానికి ఎడమచెయ్యి తిత్తి కొట్టడానికే సరిపోతుంది, పాటంతా కుడిచేతిదే. తిత్తి లేని పెట్టె ముందుకొచ్చేసరికి నా ఎడమచెయ్యి చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుండిపోయింది.

అప్పట్లో సఖినేటిపల్లి వెళ్లడానికి రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడల్లా సంచి మీద ఎడమచేతి వేళ్లు ఆడించేవాణ్ణి. చిటికెన వేలితో మొదలెట్టి 5, 4, 3, 2, 1. బొటనవేలి మీదుగా మూడో వేలు దాటించి మళ్లీ 3, 2, 1. సి మేజర్ స్కేలు, అంటే సి నుంచి ఎక్కే స్వరాల వరస, అంతే. పక్కన చేపల బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్లు నాకేదో వాతం అనుకున్నారు.

పోయినసారి వచ్చినప్పుడు నీ సాధన విన్నాను. తప్పు పోయిన ప్రతిసారీ మొదటి బారు (నొటేషన్‌లో రెండు నిలువు గీతల మధ్య ముక్క) నుంచి ఎత్తుకుంటున్నావు. అందుకే మొదటి వరస గలగలా వస్తోంది, ఐదో వరస దగ్గర బండి దిగబడుతోంది. తప్పు పోయే ఆ రెండు బార్లే పట్టుకో. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 50 దెబ్బలకి దించి, ముందు ఎడమచెయ్యి ఒక్కటీ, తర్వాత రెండూ. వరసగా మూడుసార్లు శుభ్రంగా వచ్చాక ముందో బారు, వెనకో బారు కలుపు. రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా వారమంతా మూత పెట్టెయ్యడం మాత్రం వద్దు.

మీ మేడమ్‌ని "ఈ వేలే ఎందుకండీ?" అని అడుగుతుండు. గ్రేడు పరీక్ష కట్టు, కానీ ఏడాదంతా అందులో వాయించాల్సిన ఆ మూడు పాటలే నూరకు.

మీ ఇంట్లోది 61 కీల కీబోర్డు. ఇప్పటికి ఫరవాలేదు గానీ దాని మీద వేలికి బరువు తెలియదు. నొక్కితే బరువు తెలిసే వెయిటెడ్ కీలున్న డిజిటల్ పియానో సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను. చెక్క పియానో అడగకు. మన తేమకి వానాకాలంలో కీలు ఉబ్బి పట్టేస్తాయి.

డిసెంబరులో సండేస్కూలు పిల్లల పాటలకి వాయించమంటే "నాకింకా రాదు" అనకు. అంత మంచి బడి ఇంకోటి దొరకదు. మనవాళ్లు శృతి చెప్పరు, ఎవరికి తోచిన చోట వాళ్లు ఎత్తుకుంటారు. నువ్వు వెంటనే కీబోర్డు శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కకు. వాళ్ల 'స' ఎక్కడుందో చెవితో వెతికి, ఎడమచేత్తో ఆ ఒక్క స్వరం పట్టుకుని ఉండు, మిగతావి మెల్లిగా దొరుకుతాయి. ఒక క్రిస్మస్ రాత్రి నేను ఆ బటన్ నొక్కి, తియ్యడం మరిచాను. తర్వాతి పాట మూడు మెట్లు పైన పలికింది. ఆడవాళ్లకి గొంతు అందలేదు, మగవాళ్లు మధ్యలోనే ఆపేశారు. పాస్టరుగారు కళ్లు మూసుకునే ఉన్నారు. ప్రార్థనో, బాధో ఇప్పటికీ తెలీదు.

శనివారం రైలెక్కి వచ్చెయ్. ఆ రెండు బార్లూ నా ముందు వాయిద్దువుగాని. పెద్దమ్మ బొమ్మిడాయిల పులుసు పెడతానంటోంది.

మీ పెదనాన్న