వేసవి పుస్తకం, సొంత ప్రాజెక్టు: మార్కులు లేకపోయినా చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి పూర్తిచేసింది. ఇష్టమైతే సెలవుల్లో రెండు పుస్తకాలు చదివి, వాటిమీద సొంతంగా ఏదైనా తయారుచేసి తెమ్మని స్కూల్లో చెప్పారు. మార్కులేమీ లేవు. తనకి చేయాలని ఉంది. టెన్త్ బ్రిడ్జి కోర్సు దెబ్బతింటుందేమోనని మా భయం. దీనివల్ల ముందుముందు ఉపయోగం ఉంటుందా? ఎలా చేయించాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చేయనివ్వండమ్మా. బ్రిడ్జి కోర్సు మానిపించాల్సిన అవసరమూ లేదు. పొద్దున క్లాసుకి వెళ్లొచ్చాక, ఎండ ముదిరిన మధ్యాహ్నం ఒక గంట దీనికిస్తే చాలు.

ఈ ప్రాజెక్టు చూపిస్తే ఇంటర్లో సీటు గానీ, ఈఏపీసెట్‌లో ర్యాంకు గానీ రావు. సర్టిఫికెట్ కోసమే అయితే మొదలుపెట్టకండి. లాభం వేరేచోట ఉంది. పదో తరగతి తెలుగు పేపర్లో సృజనాత్మకత కింద లేఖ, సంభాషణ, కరపత్రం, ఇంటర్వ్యూ ప్రశ్నలు రాయమంటారు. ఇంగ్లిష్‌లో డైరీ, కాన్వర్సేషన్ అడుగుతారు. చాలామంది పిల్లలు వీటిని గైడులోంచి బట్టీపట్టి, ప్రశ్న కాస్త మారితే ఆగిపోతారు. ఆ తర్వాత లా వైపు వెళ్తే, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశపరీక్ష క్లాట్‌లో 2 గంటల్లో 120 ప్రశ్నలు. దాదాపు అన్నీ పాసేజీలు చదివి జవాబివ్వాల్సినవే, తప్పు జవాబుకు 0.25 మార్కు కోత. చదివే ఓపిక ఇంటర్ రెండో ఏడాదిలో కోచింగ్‌తో వచ్చేది కాదు. ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌లో డిజైన్ కోర్సుకైతే సిచ్యుయేషన్ టెస్టులో ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే మోడల్ చేయాలి. చేతిపని అలవాటున్న పిల్లలు అక్కడ బెదిరిపోరు.

పుస్తకం మీరు ఎంచకండి. లైబ్రరీకో పుస్తకాల షాపుకో తీసుకెళ్లి, నచ్చినదాన్ని మధ్యలో తెరిచి ఒక పేజీ చదవమనండి. అయిదుకు మించి తెలియని మాటలు తగిలితే దాన్ని వచ్చే ఏడాదికి ఉంచండి. ఇంతవరకూ పాఠ్యపుస్తకం తప్ప చదవని పిల్లయితే నవలకన్నా చిన్న కథలు మేలు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ అందుకు బాగా పనికొస్తాయి. నూరు చిన్న కథలు, పాతిక చదివినా ప్రాజెక్టుకు సరిపోతుంది.

రోజుకు 20 పేజీలంటే 200 పేజీల పుస్తకం పది రోజుల్లో అయిపోతుంది. చదివేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ ఉండాలి. రోజూ మూడే విషయాలు రాయాలి: పేజీ నంబరు, అక్కడ తనను ఆపిన వాక్యం, ఎందుకు ఆగిందో ఒక్క మాట. సారాంశం మాత్రం రాయించకండి. అది ఫోన్లో దొరుకుతుంది, పిల్లలు దించేస్తారు. “ఇందులో నీతి ఏంటి?” అని మీరూ అడగకండి. ఆ ప్రశ్న వింటే పుస్తకం పక్కన పెట్టేస్తారు.

ప్రాజెక్టుగా 16 పేజీల చిన్న పుస్తకం చేయమనండి. అట్ట మీద బొమ్మ అతికించిన చార్టుకన్నా ఇది ఎంతో నయం. కథ జరిగిన ఊరి పటం, ఒక పాత్ర ఇంకో పాత్రకు రాసిన ఉత్తరం, కథలో లేని ఒక సంభాషణ, రచయితను అడగాలనుకున్న అయిదు ప్రశ్నలు, అమ్మమ్మనో తాతయ్యనో అడిగి అర్థం తెలుసుకున్న పాతమాటలు. ఇవన్నీ నోట్‌బుక్‌లోంచే పుడతాయి.

తయారీకి 100 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో; అంకె పెరిగితే కాగితం మందం) ఏ4 కాగితాలు నాలుగు, కవరుకు కాస్త మందపు అట్ట ఒకటి. మామూలు 70 జీఎస్ఎం కాగితమైతే స్కెచ్ పెన్ సిరా వెనక్కి దిగుతుంది. నాలుగింటినీ ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడవాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: విడి కాగితాల మీద రాసేసి తర్వాత మడిస్తారు, పేజీల వరుస తారుమారవుతుంది. అన్నిటికన్నా బయటి కాగితం మీద ఒకవైపు 16, 1 వస్తాయి, దాని వెనక 2, 15. అందుకే ముందు చిత్తుకాగితాలతో నమూనా మడిచి, నంబర్లు వేసుకుని, దాన్ని చూస్తూ అసలుది రాయాలి. మడత వైపు 2 సెంటీమీటర్లు వదలాలి, లేకపోతే అక్షరాలు కుట్టులోకి పోతాయి.

అట్టనూ మధ్యకు మడిచి కాగితాలకు బయట తొడగాలి. కుట్టడానికి అన్నిటికీ కలిపి మడత మీద మూడు రంధ్రాలు: ఒకటి సరిగ్గా మధ్యలో, మిగతావి పైనుంచి, కిందనుంచి 3 సెంటీమీటర్ల దూరంలో. అర మీటరుకు పైగా దారం తీసుకోవాలి. లోపలినుంచి మధ్య రంధ్రంలో బయటికి, పైరంధ్రంలో లోపలికి, మధ్యదాన్ని దాటి కిందిదాంట్లోంచి బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి తేవాలి. లోపల నిలువుగా పరుచుకున్న దారానికి చెరోవైపు ఒక కొస ఉంచి ముడివేస్తే కుట్టు వదులవదు. లోపలి పేజీల అంచులు కాస్త బయటికి పొడుచుకొస్తాయి, స్టీలు స్కేలు పెట్టి కట్టర్‌తో సమం చేయాలి. ఆ పని పెద్దవాళ్లు చేయండి.

కుట్టడం, బొమ్మలు వేయడం రాకపోతే ఆడియో చేయొచ్చు: ఒక కథను పైకి చదివి ఫోన్లో రికార్డు చేయడం. నెట్‌లో పెట్టాలనుకుంటే గురజాడ కథలు తీసుకోండి. ఆయన 1915లో పోయారు, మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. ఇప్పటి రచయితల కథలైతే అనుమతి లేకుండా పెట్టకూడదు.

మే మూడో వారానికల్లా చదవడం ఆపి రాతకు కూర్చోవాలి, ఒక్క పుస్తకమే అయినా సరే. బళ్లు తెరిచే వారంలో మొదలుపెడితే చివరికి రాసేది మీరే అవుతారు. అక్షరదోషాలు చూడాలనిపిస్తే నమూనా దశలోనే పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. అసలు ప్రతి మీద మీ చెయ్యి పడొద్దు.