రవ్వలు రాలుతున్నా నిప్పు రాజుకోవడం లేదు

ప్రశ్న: చెకుముకి రాయితో నెగడు వేయడం నేర్చుకుంటున్నాను. ఉక్కు ముక్కతో కొడితే రవ్వలు బాగానే రాలుతున్నాయి గానీ, ఎంత ఎండిన గడ్డి పెట్టినా అంటుకోవడం లేదు. లోపం రాయిలో ఉందా, నా చేతిలో ఉందా?

జవాబు: రవ్వలు రాలుతున్నాయంటే రాయిలోనూ మీ చేతిలోనూ లోపం లేదు. ఆ రవ్వను అందుకోవలసిన పదార్థమే మీ దగ్గర లేదు. రవ్వ రాతిలోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి రాతి అంచు గీరిన ఉక్కు రజనే గాలి తగిలి మండుతూ రాలుతుంది. అది ఎంత సన్నగా ఉంటుందంటే, గడ్డిపోచ వేడెక్కేలోపే చల్లారిపోతుంది. 1903లో ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ కనిపెట్టిన ఫెర్రోసీరియం అనే మిశ్రలోహం సంగతి వేరు; లైటర్లలో మనం ‘రాయి’ అనేది అదే. దాని రవ్వలు ఎంతో వేడిగా ఉండి ఎండుగడ్డిని నేరుగా అంటించగలవు కాబట్టి, ఫెర్రోసీరియం కడ్డీతో చేసినది చూసి చెకుముకితోనూ అలాగే అవుతుందని ఆశించకండి.

మీకు కావలసింది మాడ్చిన నూలుగుడ్డ. కల్తీలేని నూలుగుడ్డ పేలికలను మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టి, మూతకు మేకుతో చిన్న రంధ్రం చేసి, ఆరుబయట నిప్పుల మీద ఉంచండి. రంధ్రంలోంచి పొగ రావడం ఆగాక దించి, పూర్తిగా చల్లారేవరకు మూత తీయకండి. వేడి మీద తీస్తే గాలి సోకి గుడ్డంతా బూడిదైపోతుంది. గుడ్డ నల్లగా ఉండి, పట్టుకుంటే పొడి కాకుండా నిలిస్తే సరిగ్గా మాడినట్టు. గోధుమరంగులోనే ఉంటే మళ్లీ మాడ్చాలి.

ఆ పేలికను రాయి పైభాగాన, అంచుకు వెంట్రుకవాసి వెనగ్గా పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకోండి. ఉక్కును పైనుంచి కిందికి, అంచును రాసుకుంటూ పోయేట్టు కొట్టండి. రాతి పెళ్లలు ఎగురుతాయి కనుక కళ్లద్దాలు తప్పనిసరి. ఒక్క రవ్వ పడినా చాలు, నల్లటి గుడ్డ మీద ఎర్రటి చుక్క మెరిసి, మంట లేకుండానే నెమ్మదిగా పాకుతుంది. అప్పుడు దాన్ని పిట్టగూడులా నలిపి ఉంచుకున్న ఎండుగడ్డి మధ్యలో పెట్టి, ముఖానికి కాస్త ఎత్తుగా పట్టుకుని, సన్నగా, ఆగకుండా ఊదండి. పొగ చిక్కబడిన కాసేపటికే మంట లేస్తుంది. చితుకులను అగ్గిపుల్లంత సన్నవి మొదలుకొని వరుసగా పేర్చి ఉంచుకోండి, ఎందుకంటే గడ్డి మంట అర నిమిషం కూడా నిలవకపోవచ్చు.